మురికికీ ఒక వేగం ఉంది

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో ఆదివారం పేరుకే సెలవు. సోమవారం నుంచి వాయిదా పడుతూ వచ్చిన పనంతా ఆ రోజు వరస కడుతుంది. బాత్రూములు కడగాలి, దుప్పట్లు నానబెట్టాలి, ఫ్యాన్ల మీద దుమ్ము తుడవాలి, ఫ్రిజ్ సర్దాలి. మధ్యాహ్నానికి నడుం పట్టేస్తుంది, సాయంత్రానికి ఒకరి మీద ఒకరికి చిరాకు, బుధవారానికి ఇల్లు మళ్ళీ మొదటికొస్తుంది. దీనికి విరుగుడని ఫోన్లలోనూ పత్రికల్లోనూ చూపించేది రోజువారీ పట్టిక. సోమవారం హాలు, మంగళవారం బాత్రూము, బుధవారం అలమరాలు... ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాక రెండు వారాలు బాగానే నడుస్తుంది. మూడో వారం ఎవరికో జ్వరం, లేదంటే ఆఫీసులో నెలాఖరు పని. పట్టిక తప్పుతుంది, ఇక దాన్ని చూసినప్పుడల్లా మనసులో ముల్లు. చాలామంది దీన్ని తమ బద్ధకం ఖాతాలో రాసుకుంటారు. నాకు మాత్రం తప్పు పట్టికలోనే ఉందనిపిస్తుంది. అది గదుల్ని లెక్కపెడుతుంది గానీ మురికిని లెక్కపెట్టదు. రాత్రి సింకులో వదిలేసిన ఎంగిలి పళ్ళేనికీ, పుస్తకాల అలమర మీది దుమ్ముకీ ఒకే హోదా ఇస్తుంది. మొదటిది తెల్లారేలోపే బొద్దింకలకు విందు. రెండోది, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు లేకపోతే, నెలరోజులున్నా ఎవరికీ ఏమీ కాదు. ఒక పని ఎన్నాళ్ళకోసారి చేయాలన్నది ఆ మురికి ఎంత త్వరగా హాని చేస్తుందన్న దాన్ని బట్టి తేలాలి, అద్దంలా మెరవాలన్న కోరికను బట్టి కాదు. ఈ లెక్కన చూస్తే రోజూ తప్పక చేయాల్సిన పని మనం భయపడేదానికంటే చాలా తక్కువ.

ఇంటిపని ఎంతన్నది ఇల్లే నిర్ణయిస్తుందనీ, మన వంతు దాన్ని మోయడమేననీ ఒక నమ్మకం ఉంది. ఆధారాలు అలా చెప్పడం లేదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జోఆన్ వానెక్ 1974లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో అక్కడి గృహిణుల సమయ సర్వేలను పోల్చి చూపించారు. 1924లో ఉద్యోగం లేని గృహిణి వారానికి దాదాపు 52 గంటలు ఇంటిపని చేసేది. 1960లకు వచ్చేసరికి అది 55 గంటలు. ఈ మధ్యలో ఇంటింటికీ కరెంటు వచ్చింది, కుళాయి వచ్చింది, వాషింగ్ మెషిన్ వచ్చింది. గంటలు మాత్రం తగ్గలేదు. బట్టలకు పట్టే సమయం పెరిగింది కూడా. మెషిన్ వచ్చాక బట్టలు పెరిగాయి, ఒకసారి తొడిగిందల్లా ఉతుక్కే వెళ్ళింది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకమే రాశారు దీని మీద: యంత్రం శ్రమను తగ్గించిన ప్రతిసారీ శుభ్రత మీద మన ఆశ ఒక మెట్టు పైకెక్కి, మిగిలిన సమయాన్ని తినేసింది. వానెక్ లెక్కల్లో అంతకంటే ఆసక్తికరమైన అంకె మరొకటుంది. ఉద్యోగం చేసే స్త్రీలు అదే కాలంలో ఇంటిపనికి పెట్టింది వారానికి 26 గంటలు. అంటే సగం కంటే తక్కువ. వాళ్ళకు పనివాళ్ళో భర్తలో ఎక్కువ సాయపడి ఉంటారనుకోవచ్చు. వానెక్ అదీ చూశారు, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఉద్యోగినుల ఇళ్ళలో పిల్లలు తక్కువన్నది కొంత కారణం కావచ్చు గానీ, సగానికి సగం తేడా దానివల్లే వచ్చిందనిపించదు. తీరిక ఉన్నచోట పని సాగుతుంది, లేనిచోట ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తెలియడమే అసలు సంగతి.

ఉంచాల్సిన వాటిలో మొదటిది రాత్రి వంటిల్లు. ఇల్లంతటిలో మురికి అత్యంత వేగంగా ముదిరే చోటు అదే. తడి, వెచ్చదనం, తిండి మూడూ అక్కడే ఉంటాయి. బొద్దింకలు చీకటి పడ్డాకే తిరుగుతాయి. మన వంటిళ్ళలో కనిపించే చిన్నరకం బొద్దింక తిండి లేకపోయినా నీళ్ళుంటే వారాల తరబడి బతుకుతుంది, నీళ్ళు దొరక్కపోతే అంతకాలం నిలవదు. అందుకని అంట్లు తోమడం ఎంత ముఖ్యమో, సింకునూ గట్టునూ పొడిగా తుడవడం అంతే ముఖ్యం. ఈ రెండో పనినే ఎక్కువమంది వదిలేస్తారు. తోమే ఓపిక లేని రాత్రి కూడా ఎంగిలి తీసి చెత్తబుట్టలో వేసి, గిన్నెలు ఒకసారి కడిగి బోర్లించి, స్టవ్ తుడిచి, చెత్త మూత పెట్టగలిగితే చాలు, పావుగంట పని. ఇక ఆ తోమే స్పాంజి గురించి ఒక మాట. 2017లో జర్మన్ పరిశోధకులు ఇళ్ళలో వాడిన 14 స్పాంజిలను పరీక్షించి ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో ప్రచురించారు. కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకు 5,400 కోట్ల దాకా బ్యాక్టీరియా తేలింది. అవన్నీ రోగకారకాలు కావు, భయపడాల్సిన పని లేదు. అయితే మేం వీటిని వేడి చేసి శుభ్రం చేస్తూనే ఉన్నామన్న ఇళ్ళ స్పాంజిలు కూడా ఏమీ మెరుగ్గా లేవు. వారానికోసారి మార్చేయమని వాళ్ళ సలహా. స్పాంజి కంటే త్వరగా ఆరిపోయే కొబ్బరిపీచుకీ స్టీలు పీచుకీ ఈ విషయంలో మార్కులు ఎక్కువ వేయొచ్చు. పొయ్యి గట్టు తుడిచే గుడ్డ కూడా స్పాంజి జాతిదే. వేడి గిన్నె దించే మసిగుడ్డతోనే గట్టూ తుడిచి, దాన్నే ముద్దగా సింకు పక్కన పడేసే అలవాటు మన వంటిళ్ళలో పాతుకుపోయింది. రోజూ ఉతికి ఆరేయడానికి వీలుగా అరడజను పాత కాటన్ గుడ్డలు చింపి పెట్టుకోవడం ఏ ఖరీదైన ద్రావకం కంటే మేలు.

రెండోది వారం లెక్కది. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగులో కాదు, నిలవ ఉన్న మామూలు నీళ్ళలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వాతావరణంలో వారం నుంచి పది రోజులు పడుతుంది. అంటే వారానికోసారి నీళ్ళు ఒంపేస్తే ఆ తరం పూర్తికాదు. రోజూ ఒంపితే అదనంగా కలిగే లాభం పెద్దగా లేదు. నెలకోసారి ఒంపితే ఒంపనట్టే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరోగ్య సిబ్బంది చెప్పే ‘ఫ్రైడే డ్రైడే’ వెనక ఉన్న లెక్క ఇదే. 2020 మేలో అప్పటి తెలంగాణ పురపాలక మంత్రి కె.టి. రామారావు ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అంటూ మొదలుపెట్టిన కార్యక్రమం కూడా అంతే. నీళ్ళు ఒంపాల్సినవి ఇవి: పూలకుండీల కింది పళ్ళేలు, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, మూతలేని డ్రమ్ము, మేడ మీద పారేసిన టైరు. రాజకీయాల సంగతి అటుంచితే, ఇంటి పనులకు సంబంధించి ప్రభుత్వం ఇచ్చిన సలహాల్లో ఇంత బాగా ఆలోచించినది అరుదు. పని ఏమిటో, ఎంతసేపో, ఎప్పుడో మూడూ అందులోనే ఉన్నాయి. కారణం జీవశాస్త్రంలో ఉంది. ఒక్క చిన్న చేర్పు మాత్రం కావాలి. ఏడిస్ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అందుకే ఒంపడంతో సరిపెట్టకుండా పాత్ర లోపలి గోడల్ని పీచుతో రుద్దాలి. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే ఊళ్ళలో డ్రమ్ములూ తొట్లూ నింపుకోక తప్పదు కాబట్టి ఈ రుద్దుడు అక్కడ మరీ అవసరం. దుప్పట్లూ దిండు గలీబులూ కూడా వారం లెక్కలోకే వస్తాయి. మన చర్మపు పొట్టు తిని బతికే దుమ్ముపురుగులు పరుపుల్లో ఉంటాయి. ఎలర్జీ, ఉబ్బసం ఉన్న ఇంట్లో దుప్పట్లనూ గలీబులనూ వారానికోసారి వేడినీళ్ళలో, కుదిరితే 60 డిగ్రీల దగ్గర, ఉతకాలి. లేనివాళ్ళు రెండు వారాలకు సాగదీసినా ప్రపంచం తలకిందులవదు.

బాత్రూము కథ వేరు. అక్కడ మనం ఎక్కువ కష్టపడేది మురికితో కాదు, బోరునీళ్ళ మరకలతో. హైదరాబాద్ శివారు అపార్టుమెంట్లలో కొత్త టైల్స్ ఏడాది తిరక్కుండానే తెల్లబడి, కుళాయిలకు సున్నం పట్టడం అందరూ చూసేదే. నీళ్ళు ఆరిపోగా వెనక మిగిలే కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. నీళ్ళు ఆరకముందే తీసేస్తే మరక పడే అవకాశమే తక్కువ. స్నానం చేసి బయటికొచ్చే ముందు ఎవరికి వాళ్ళు గోడ మీదా నేల మీదా ఒకసారి వైపర్ లాగితే నిమిషం పట్టదు. అది చేయని ఇంట్లో నెల తిరిగేసరికి యాసిడ్ సీసా బయటికొస్తుంది. యాసిడ్‌తో వచ్చే చిక్కులు రెండు. తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల బండ, చాలా వంటిళ్ళలో అరలుగా వేసే కడప నల్లబండ అన్నీ సున్నపురాయి జాతివే. పాలరాయీ అంతే. యాసిడ్ వాటి మీద పడితే నురగొచ్చి పాలిష్ పోతుంది. అంత ఘాటు అక్కర్లేదు, నిమ్మరసం ఒలికినా మచ్చ పడుతుంది. వెనిగర్‌తోనో నిమ్మతోనో దేన్నైనా తోమేయొచ్చని చెప్పే వంటింటి చిట్కాలు గ్రానైట్ గట్టుకు సరే గానీ కడప బండకు శాపం. రెండో చిక్కు ప్రాణాల మీదికొచ్చేది. బాత్రూము యాసిడ్, టాయిలెట్ క్లీనర్ లాంటివి బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపేసుకుని, రెండూ కలిపితే రెట్టింపు తెలుపు వస్తుందన్న ఆశతో రుద్దేవాళ్ళు ఊపిరితిత్తులు పాడుచేసుకుంటారు. ఆదివారం ఒక్కరోజులో అంతా తేల్చేయాలన్న తొందరలో జరిగే ప్రమాదం ఇది. రోజూ నిమిషం వైపర్ లాగే ఇంటికి యాసిడ్‌తో పెద్దగా పని పడదు.

ఇప్పుడు అసలు అభ్యంతరం. రోజూ ఊడ్చి తడిగుడ్డ పెట్టని ఇల్లు ఇల్లేనా అని పెద్దవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనం ఇంట్లో చెప్పులు లేకుండా తిరుగుతాం, చాలా ఇళ్ళలో ఇంకా నేల మీదే కూర్చుని తింటాం, పసిపిల్లలు నేల మీదే పాకుతారు. అయితే ఊడవాలా వద్దా అన్నది కాదు, ఏ ఇంటికి ఎంత అన్నదే ఇక్కడి లెక్క. రోడ్డు పక్కన కింద అంతస్తులో, పాకే బిడ్డ ఉన్న ఇంటికి రెండుపూటలా ఊడిచినా తక్కువే. విశాఖ ఓడరేవు చుట్టుపక్కల, బొగ్గుధూళి కిటికీ పట్టీల మీద నల్లగా పేరుకునే ఇళ్ళకూ అంతే. పదో అంతస్తులో, పగలంతా తాళం వేసి ఉండే ఇద్దరి కాపురానికి మాత్రం రోజు విడిచి రోజు చాలు. వీధి చెప్పులు గుమ్మం బయటే విడవడమన్న మన ఆచారం సగం పని ముందే తగ్గించి పెట్టింది. ఇప్పుడు చెప్పుల స్టాండు హాల్లోకి చేరడమే దాన్ని వెనక్కి లాగుతోంది.

సంప్రదాయం పేరుతో చేసే వాదనకు సంప్రదాయంలోనే జవాబుంది. పాతకాలపు తెలుగిల్లు అన్ని పనులూ రోజూ చేయలేదు. వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడం రోజూ. గడప కడిగి పసుపు రాయడం శుక్రవారం. బూజు దులిపి సున్నం వేయడం సంక్రాంతికో దసరాకో. విరిగిన చెక్కసామాను ఏడాదికోసారి భోగిమంటలోకి. మట్టినేల నడకకు పొడిరేగుతుంది కాబట్టి పేడతో తరచూ అలికేవాళ్ళు. నేల మారింది, రేగే పొడి పోయింది, టైల్స్ వచ్చాయి. మట్టినేల కాలపు వేగాన్ని మాత్రం మనం అలాగే మోస్తున్నాం. చీకటి పడ్డాక చీపురు పట్టకూడదన్న పట్టింపు ఉన్నవాళ్ళకీ నేను చెప్పే రాత్రి పనితో తగవు లేదు. అందులో చీపురు లేదు. ఎంగిలి గిన్నెలు రాత్రంతా వదిలేస్తే దరిద్రమని అన్నదీ ఆ పెద్దవాళ్ళే. ఇక ఫ్యాన్ రెక్కలు, ఏసీ జాలి, అలమరాల పైభాగం నెలకోసారి. పరదాలు, అటకలు, సోఫాల వెనక పండగ ముందు. ఊడ్చే ముందు ఫ్యాన్ తుడవాలి, తర్వాత కాదు. ఈ చిన్న వరస తప్పడం వల్ల ఎన్ని ఇళ్ళు రెండోసారి ఊడ్చుకుంటున్నాయో.

మరో వాదన కాస్త లోతైనది. హాని లేకపోయినా చిందరవందర ఇల్లు మనసును కుంగదీస్తుంది, కాబట్టి మెరుపు కూడా ఆరోగ్యమే అంటారు. దీనికి ఆధారం లేకపోలేదు. లాస్‌ఏంజెలెస్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే 30 జంటల మీద జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, తమ ఇంటిని చూపిస్తూ చిందరవందర గురించీ, సగంలో ఆగిన పనుల గురించీ ఎక్కువగా మాట్లాడిన స్త్రీలలో, పొద్దుగూకేకొద్దీ తగ్గాల్సిన కార్టిసాల్ అనే హార్మోను తగ్గాల్సినంతగా తగ్గలేదు. అధ్యయనం చిన్నది, ఇల్లు చూసి ఒత్తిడి వచ్చిందా, ఒత్తిడిలో ఉన్నవాళ్ళకి ఇల్లు అలా కనిపించిందా అన్నది దానితో తేలదు. అయినా దాన్ని పక్కకు నెట్టేయలేం. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ బాధించినవి పోగుపడిన వస్తువులూ తెమలని పనులూ. ఎత్తుపెట్టడం, తుడవడం రెండు వేర్వేరు పనులు. పడుకునేముందు హాల్లో ఎవరి వస్తువు వాళ్ళు తీసుకెళ్ళడానికి ఐదు నిమిషాలు చాలు, దానికి తడిగుడ్డ అక్కర్లేదు. పైగా తెమలని పనుల జాబితాను రెండింతలు చేసే పట్టిక ఆ బాధను పెంచుతుందే తప్ప తగ్గించదు.

ఇంత తక్కువ పని కూడా అలవాటు కావడానికి సమయం పడుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించినప్పుడు, ఒక కొత్త పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒకరికి 18, ఇంకొకరికి 254 అన్నంత తేడా. అందులోనే మరో మంచి కబురుంది. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటు ఏర్పడే క్రమానికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. కాబట్టి మంగళవారం రాత్రి వంటిల్లు అలాగే వదిలేసి పడుకున్నవాళ్ళు బుధవారం రాత్రి మామూలుగా మొదలుపెట్టాలి. వదిలేసిన దానికి ఆదివారం వడ్డీతో చెల్లించనక్కర్లేదు. పనిని గడియారానికి కట్టడం కంటే అప్పటికే రోజూ జరిగే మరో పనికి కట్టడం మేలు. పెరుగు తోడేసి మూతపెట్టగానే గట్టు తుడవడం, స్నానం కాగానే వైపర్. ఆఫీసు నుంచి ఎనిమిదికొచ్చినా పదికొచ్చినా పెరుగు తోడేయడం మాత్రం తప్పదు కదా.

మాకు పనిమనిషి ఉంది, ఈ లెక్కలన్నీ మాకెందుకనే ఇళ్ళూ ఉన్నాయి. ఆమె ఒక్కరోజు రాకపోతే ఇల్లు ఎలా ఉంటుందో చూస్తే జవాబు దొరుకుతుంది. ఆమె మీదే నిలబడ్డ శుభ్రత ఆమె కూతురి జ్వరంతో కూలిపోతుంది, ఆ కోపం ఆమె జీతం మీద చూపిస్తారు. ఇంటి పనివారికి వారానికి కనీసం 24 గంటల ఏకధాటి విశ్రాంతి ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చెప్పింది. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు. చట్టం కోసం ఆగకుండానే మనం ఇవ్వగలిగిన సెలవది. రాత్రి పావుగంట పని ఇంటివాళ్ళు చేసే ఇంట్లో ఆమె ఆదివారం రాకపోయినా కొంప మునగదు. రోజూ తడిగుడ్డ అవసరం లేని ఇంట్లో ఆమె గంటల్ని కిటికీలకో ఫ్యాన్లకో మళ్ళించవచ్చు. అలా మళ్ళించినప్పుడు జీతం తగ్గించకూడదన్నది వేరే చెప్పాల్సిన పని లేదనుకుంటాను, అయినా చెప్పడమే మంచిది.

చివరికి తేలాల్సింది ఈ పావుగంట ఎవరిది అన్నది. కేంద్ర ప్రభుత్వ కాల వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్ళలో ఆవిడకు పది నిమిషాలు కలిసొస్తే ఆయనకు తొమ్మిది కలిసొచ్చాయన్నమాట. వంటా, ఉతుకూ, శుభ్రతా అన్నీ కలిసిన అంకెలివి. పైగా మగవాళ్ళ సగటు ఆ పని ముట్టుకున్నవాళ్ళది మాత్రమే, 2019లో అలా ముట్టుకున్నవాళ్ళు వందకు 26 మంది. మా ఆయన చెబితే చేస్తారు అన్న మెప్పు చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. చెప్పడం కూడా పనే. స్పాంజి మార్చే వారమేదో, దుప్పట్లు ఎప్పుడు ఉతికామో, ఫినాయిల్ ఎంతుందో గుర్తుపెట్టుకునే బరువు ఒకరి తలమీదే ఉంటే మిగతావాళ్ళ సాయం కూలిపనిలానే ఉంటుంది. అందుకని పనులు ముక్కలుగా కాదు, మొత్తంగా పంచాలి. బాత్రూములు ఒకరివైతే బ్రష్ అరిగిందని గమనించడం, కొత్తది కొనడం, గోడ మరకలు చూసుకోవడం కూడా వాళ్ళవే; తాము చేసే తీరులో లేదని రెండోవాళ్ళు మధ్యలో అందుకుని తిరగ కడగడం మానుకోవాలి, అది కష్టమైనా. పన్నెండేళ్ళ కుర్రాడికి ఆదివారం కుండీల కింది పళ్ళేలు ఒంపి పీచుతో రుద్దే పని పూర్తిగా అప్పగించవచ్చు. పరీక్షలున్నాయని తల్లిదండ్రులు వెనకాడతారు గానీ, దానికి పట్టేది పది నిమిషాలు, అదీ వారానికోసారి.